గిట్‌లో లేని ఫైలు టార్‌బాల్‌లోకి ఎలా వచ్చింది

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగచాటుగా చొరబడే దారి) ఉన్న సంగతి 2024 మార్చి 29న బయటపడింది. డెబియన్ లినక్స్ మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) లాగిన్‌కు అరసెకను అదనంగా ఎందుకు పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ తర్వాత చర్చంతా దాన్ని చొప్పించింది ఎవరన్నదాని చుట్టూనే తిరిగింది. మాకు అంతకంటే పెద్దదిగా తోచే ప్రశ్న ఇంకొకటి ఉంది. బ్యాక్‌డోర్‌ను మేల్కొలిపే ఎం4 మ్యాక్రో (బిల్డ్ స్క్రిప్టును పుట్టించడానికి వాడే కోడ్ ముక్క) గిట్ రిపోలో, అంటే సోర్స్ కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే చోట లేదు. రిలీజ్ టార్‌బాల్‌లో, అంటే విడుదలకు పంచే సోర్స్ ఫైళ్ల మూటలో మాత్రమే ఉంది. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. రిపోలో లేని ఫైళ్లు టార్‌బాల్‌లో ఉండటం అంత మామూలు విషయం ఎప్పుడైంది?

1991లో. అప్పట్లో ఒక్కో యూనిక్స్‌ది ఒక్కో దారి. ఒకదానిలో ఉన్న హెడర్ ఇంకొకదానిలో ఉండేది కాదు. గ్నూ ప్రాజెక్టు యుటిలిటీలు చూసుకుంటున్న డేవిడ్ మెకెంజీ ఈ తేడాలను కనిపెట్టే కాన్ఫిగర్ స్క్రిప్టులను తయారుచేయడానికి ఆటోకాన్ఫ్ రాశారు. వాడుకరి దగ్గర షెల్, మేక్ (బిల్డ్ నడిపే టూల్), సీ కంపైలర్ ఉంటే చాలు, ఆటోకాన్ఫ్ గానీ ఎం4 గానీ అక్కర్లేదన్నది దాని ఒప్పందం. కాబట్టి రిలీజ్ చేసేవారే తమ మెషీన్‌లో కాన్ఫిగర్‌ను పుట్టించి టార్‌బాల్‌లో పెట్టేవారు. ఆటోమేక్ వచ్చాక ఈ పనంతా మేక్ డిస్ట్ అనే ఒక్క కమాండ్‌లోకి ఒదిగింది. పుట్టించిన ఫైళ్లను రిపోలో కమిట్ చేయకూడదన్న (చరిత్రలో నమోదు చేయకూడదన్న) మంచి అలవాటు కూడా దీనికి తోడైంది. అలా రిపో వేరు, టార్‌బాల్ వేరు కావడం పద్ధతిలోనే కలిసిపోయింది. ఆ రోజుల్లో అది వాడుకరి కష్టం తగ్గించడానికి చేసిన పని, అందులో తప్పుపట్టడానికేమీ లేదు.

తర్వాత పరిస్థితి మారినా పద్ధతి మారలేదు. ఆటోకాన్ఫ్ 2.69 వెర్షన్ 2012లో వస్తే 2.70 వచ్చేసరికి 2020 డిసెంబరు అయింది. ఈలోగా డిస్ట్రోలు (డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలు) దానికి తమతమ ప్యాచ్‌లు వేసుకున్నాయి. డెబియన్ ఆటోకాన్ఫ్‌తో పుట్టించిన కాన్ఫిగర్‌లో రన్‌స్టేట్‌డిర్ ఆప్షన్ అదనంగా కనిపించేది. సోర్స్ ఒకటే అయినా ఎవరి ల్యాప్‌టాప్‌లో చేస్తే వారి కాన్ఫిగర్ వచ్చేదన్నమాట. ఆ స్క్రిప్టు పదివేల వరుసలు దాటడం మామూలే. రెండు రిలీజ్‌ల మధ్య డిఫ్ (తేడాల జాబితా) తీసి చదివే ఓపిక ఎవరికుంటుంది?

దాడి సరిగ్గా అక్కడే జరిగింది. అసలు సరుకు రిపోలోనే, కంప్రెస్డ్ ఫైళ్ల నమూనాలుగా, టెస్ట్ ఫైళ్ల మధ్య కూర్చుంది. కాన్ఫిగర్ నడిచేటప్పుడు టార్‌బాల్‌లోని మ్యాక్రో దాన్ని విప్పి, మేక్‌ఫైల్‌ను మార్చి, ఎక్స్‌జెడ్ లైబ్రరీ అయిన లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏలోకి ఒక ఆబ్జెక్ట్ ఫైలును కలిపేది. అది కూడా 64 బిట్ ఇంటెల్ తరహా లినక్స్ మీద, డెబ్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ కడుతున్నప్పుడే. డిస్ట్రోలు ఆటోరీకాన్ఫ్ నడిపి కాన్ఫిగర్‌ను కొత్తగా పుట్టించుకున్నా లాభం లేకపోయింది, ఎందుకంటే అది చదివేది టార్‌బాల్‌తో వచ్చిన ఎం4 ఫైలునే. పైగా గ్నూ వారి ఉమ్మడి కోడ్ సంకలనమైన గ్నూలిబ్‌లో 3గా ఉన్న ఆ ఫైలు సీరియల్ నంబరును ఇక్కడ 30 చేశారు. ఆటోటూల్స్ (ఆటోకాన్ఫ్, ఆటోమేక్ కుటుంబం) లెక్కలో పెద్ద నంబరున్నదే కొత్తది.

మరి గిట్ ఆర్కైవ్‌తో నేరుగా ట్యాగ్ (రిపోలో రిలీజ్‌కు పెట్టే గుర్తు) నుంచే టార్‌బాల్ తీస్తే? దారి అదే, కానీ దెబ్బ తగిలే చోట్లు ముందే తెలియాలి. గిట్ ఆర్కైవ్ సబ్‌మాడ్యూళ్లను (లోపల చేర్చుకున్న వేరే రిపోలను) కలపదు. టార్‌బాల్‌లో గిట్ చరిత్ర ఉండదు కాబట్టి గిట్ డిస్క్రైబ్‌తో వెర్షన్ నంబరు తెచ్చుకునే బిల్డ్ అక్కడ ఆగిపోతుంది. వెర్షన్‌ను మామూలు ఫైల్లో రాసి కమిట్ చేయడమే నయం. సీఐలో (మార్పులను దానంతటదే బిల్డ్ చేసి పరీక్షించే వ్యవస్థలో) ఒకే కమిట్ లోతున క్లోన్ చేసినా ట్యాగ్‌లు రాక ఇదే తంటా.

కంప్రెషన్ ఇంకో ఉచ్చు. గిట్ 2.38లో ఆర్కైవ్ కమాండ్ బయటి జీజిప్‌ను (కుదింపు టూల్‌ను) వదిలి సొంత అమరికకు మారింది. 2023 జనవరి 30న గిట్‌హబ్ ఆ వెర్షన్‌కు వెళ్లగానే, లోపలి ఫైళ్లలో అక్షరం తేడా లేకపోయినా బయటి హ్యాష్‌లు (ఫైలు వేలిముద్ర లాంటి అంకెలు) మారిపోయి, చెక్‌సమ్ పట్టుకుని డౌన్‌లోడ్ చేసే బిల్డ్‌లు వరుసగా ఆగిపోయాయి. కొన్ని గంటల్లోనే మార్పును వెనక్కి తీసుకున్నారు. అందుకే హోస్టింగ్ సైటు అప్పటికప్పుడు తయారుచేసే ఆర్కైవ్ హ్యాష్‌ను నమ్ముకోకుండా, టార్‌బాల్‌ను ఒకసారి చేసి, సంతకం పెట్టి, విడిగా అప్‌లోడ్ చేయాలి.

పుట్టించిన ఫైళ్లు తప్పనిసరైతే టార్‌కు ఫైళ్లను పేరు క్రమంలో పెట్టమనాలి, ఓనరు, గ్రూపు సున్నాగా ఉంచాలి, అన్నింటికీ ట్యాగ్ చేసిన కమిట్ సమయమే ఇవ్వాలి. జీజిప్‌ను ఫైలు పేరు, సమయం రాయనివ్వకూడదు. లొకేల్ (భాషా అమరిక) 'సీ' అనే ప్రామాణిక విలువకి, టైమ్‌జోన్ యూటీసీకి కట్టేయాలి. కంటైనర్‌ను (బిల్డ్ నడిచే విడి వాతావరణాన్ని) లేటెస్ట్ అన్న ట్యాగ్‌తో కాకుండా డైజెస్ట్‌తో, అంటే దాని హ్యాష్‌తో ఎంచుకోవాలి. రెండు వేర్వేరు మెషీన్లలో చేసి షా256 హ్యాష్ పోల్చాలి, కలవకపోతే డిఫోస్కోప్ అనే టూల్ తేడా ఎక్కడుందో చూపిస్తుంది. మా అంచనాలో మొదటిసారి కలవకపోవడమే ఎక్కువ. యుమాస్క్ (కొత్త ఫైళ్లకు అనుమతులు నిర్ణయించే అమరిక) తేడా ఒక్కటి చాలు, అనుమతుల బిట్లు మారిపోతాయి.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే రిపోలో లేకుండా పుట్టించి పెట్టే ఫైళ్లను టార్‌బాల్ నుంచి పూర్తిగా తీసేసింది. ఎక్స్‌జెడ్ గొడవకు ముందే, 2023లోనే ఆ మార్పు కోడ్‌లోకి వచ్చింది, 2024 సెప్టెంబరులో విడుదలైన 17వ వెర్షన్‌తో అమలైంది. బిల్డ్ చేసేవారికి ఇప్పుడు పెర్ల్, బైసన్, ఫ్లెక్స్ టూల్స్ తప్పనిసరి. ఆ భారం న్యాయమైనదే. కానీ బైసన్, గెట్‌టెక్స్ట్ లాంటి అడుగునున్న ప్యాకేజీలకు ఈ దారి అంత సులువు కాదు, ఒకదాన్ని కట్టడానికి ఇంకొకటి ముందే ఉండాలి. అలాంటివాటికి డౌన్‌లోడ్ టూల్ అయిన కర్ల్ పద్ధతి పనికొస్తుంది. కాన్ఫిగర్‌ను టార్‌బాల్‌లో ఉంచుతూనే, దాన్ని కంటైనర్‌లో పుట్టించి, ఏ టూల్ ఏ వెర్షన్ వాడారో టార్‌బాల్‌లోనే రాసి పెడతారు. అనుమానమున్నవారు అదే ట్యాగ్ నుంచి మళ్లీ చేసి బైటు బైటు పోల్చుకోవచ్చు.