తిరగబెట్టిందా, వేడికా?

మే నెల మిట్టమధ్యాహ్నం బస్సు దిగి ఇల్లు చేరేసరికి కుడి కన్ను మసకబారింది, కాళ్లు బరువెక్కాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్ ఉన్న మనిషికి అప్పుడు తట్టేది ఒకటే: జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఇక టెన్షన్ మొదలు. కానీ ఫ్యాను కింద కూర్చుని, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని, చల్లటి నీళ్లు తాగాక కాసేపటికే చూపు తేటపడితే, అది అసలైన రిలాప్స్ కాదు.

కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే నరాల పోగులకు మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఎంఎస్‌లో మన రోగనిరోధక కణాలే మెదడులోకి, వెన్నుపాములోకి చొరబడి ఆ పొరను దెబ్బతీస్తాయి. రిలాప్స్ అంటే అలా కొత్తగా వాపు రావడం. కంటి నరానికి వస్తే కన్ను కదిపినప్పుడల్లా నొప్పి, రోజుల్లోనే మసక. ఎర్రటి కుంకుమ కూడా ఆ కంటికి వెలిసిపోయినట్టు కనబడుతుంది. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా ఇలాంటి లక్షణం కనీసం 24 గంటలు ఉంటేనే డాక్టర్లు దాన్ని రిలాప్స్‌గా లెక్కిస్తారు.

ఎండకు వచ్చే మసకను 1890లో జర్మన్ కంటి వైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హోఫ్ వర్ణించాడు. శ్రమే కారణమనుకున్నాడు, అసలు కారణం ఒంటి వేడి అని తర్వాత తేలింది. స్కానింగులు లేని రోజుల్లో రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి ఎంఎస్ ఉందో లేదో చూసేవారు! పొర ఊడిన పాత చోట నరం ఎలాగో సంకేతాన్ని దాటిస్తూ ఉంటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా అక్కడ సంకేతాన్ని నడిపే సోడియం ద్వారాలు త్వరగా మూసుకుపోతాయి, సంకేతం మధ్యలోనే ఆగిపోతుంది. కొత్త గాయమేమీ ఉండదు.

జ్వరమూ ఇదే పని చేస్తుంది. ఎక్కువగా మోసం చేసేది మూత్రంలో ఇన్ఫెక్షన్: మంట లేకుండానే, జ్వరం తెలియకుండానే కాళ్లు పట్టు తప్పుతాయి. అందుకే రిలాప్స్ అనుకుని, వాపు తగ్గించే స్టీరాయిడ్లు ఎక్కించే ముందు మూత్ర పరీక్ష చేయించడం చాలా అవసరం. ఇన్ఫెక్షన్ ఉండగా స్టీరాయిడ్ ఇస్తే అది ముదరవచ్చు. అలాగని ఇన్ఫెక్షన్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు, దాని వెనకే అసలైన రిలాప్స్ రావచ్చు.

నిజంగానే తిరగబెడితే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్‌ను రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు ఇస్తారు. దానితో త్వరగా కోలుకుంటారు, కానీ చివరికి ఎంత కోలుకుంటారన్నది పెద్దగా మారదు. రిలాప్స్‌ల సంఖ్యను తగ్గించేవి ఏళ్ల తరబడి వాడే వేరే మందులు. ఒంట్లో బాగుందని వాటిని మధ్యలో ఆపేస్తున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.