బెంగళూరు బోరు నీళ్లకు ఏ షాంపూ?

ఊళ్లనుంచి బెంగళూరుకు ఉద్యోగానికి వచ్చి మారతహళ్లిలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో పీజీలో దిగిన తెలుగువాళ్లు కొన్నాళ్లకే అనే మాట ఒకటుంది: "ఇక్కడి నీళ్లు పడలేదు, జుట్టంతా పోతోంది." ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ కుంకుడుకాయల పొడి పంపిస్తానంటుంది. రూమ్‌మేట్ సల్ఫేట్ లేని షాంపూ కొనమంటాడు. ఫోన్‌లో కనిపించే ప్రకటన షవర్ ఫిల్టర్ పెట్టించుకోమంటుంది. వీటిలో ఏది ఎంతవరకు పనికొస్తుందో తేలాలంటే షాంపూ సీసా వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న జాబితా చదవాలి. అంతకన్నా ముందు మన బకెట్లో ఉన్నవి ఏ నీళ్లో తెలియాలి.

బెంగళూరుకు కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్లి నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తు ఎక్కి వస్తాయి. అవి అందని చోట, అందినా చాలని చోట బోర్లు, ట్యాంకర్లే దిక్కు. భూమి లోపల రాతి పగుళ్లలో నిలిచిన నీరు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కరిగించుకుని పైకి వస్తుంది. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే ఇలా కరిగిన ఖనిజాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. బకెట్ అంచున తెల్లటి గార కడుతుంటే, షవర్ రంధ్రాలు మూసుకుపోతుంటే, కందిపప్పు ఎంతకీ ఉడక్కపోతే మీవి కఠినమైన నీళ్లేనని అనుకోవచ్చు. పప్పు ఉడక్కపోవడానికీ కారణం కాల్షియమే. గింజలోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను అది గట్టిగా పట్టేస్తుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. మూతలున్న రెండు గాజు సీసాలు తీసుకుని ఒకదాంట్లో ఆర్‌ఓ నీళ్లు, ఇంకోదాంట్లో బోరు నీళ్లు సగందాకా పోయండి. రెండింట్లోనూ ఒంటి సబ్బు తరుగు చిటికెడు వేసి, నానాక మూతపెట్టి బాగా గిలకొట్టండి. ఆర్‌ఓ నీళ్ల సీసాలో నురగ పైదాకా లేచి నిలబడుతుంది. బోరు నీళ్ల సీసాలో కాసిని బుడగలు వచ్చి చప్పున చల్లారిపోతాయి. పాలు విరిగినట్టు తెల్లటి తునకలు తేలుతాయి, నీటి మట్టం దగ్గర గాజుకు ఒక వలయం అంటుకుంటుంది. ఆ వలయాన్ని వేలితో రాసి చూడండి. జిడ్డుగా, మైనంలా ఉంటుంది, ఉత్త నీళ్లతో కడిగితే పోదు.

సబ్బు అంటే కొవ్వు ఆమ్లానికి సోడియం జతకట్టిన లవణం. కాల్షియం వచ్చి సోడియం స్థానంలో కూర్చోగానే అది నీటిలో కరగని పదార్థమైపోతుంది. 1916లో మొదలైన మైసూర్ శాండల్ సబ్బుకు పుట్టిల్లయిన ఈ నగరంలో అంత మంచి సబ్బయినా బోరు నీళ్లలో ఇలాగే విరుగుతుంది. తప్పు తయారీలో లేదు. సబ్బు స్వభావమే అంత. ఆ మైనం బకెట్‌కు పట్టినట్టే వెంట్రుకకూ పడుతుంది. పైగా సబ్బు నీటి పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది. ఆ క్షారంలో వెంట్రుక ఉబ్బి, దాని మీది పొలుసులు పైకి లేస్తాయి. "జుట్టు పీచులా అయిపోయింది" అనేది ఈ రెండూ కలిసినప్పుడే.

ఇప్పుడు బోరు నీళ్లు కొత్తగా పట్టి, సబ్బుకు బదులు నాలుగు చుక్కల మామూలు షాంపూ వేసి గిలకొట్టండి. నురగ నిలబడుతుంది, తునకలు రావు. మామూలు షాంపూల్లో చాలావాటికి శుభ్రం చేసే ముఖ్యమైన సరుకు సోడియం లారెత్ సల్ఫేట్. దీని అణువులో నీటిని ఇష్టపడే కొసన సబ్బులోలా కార్బాక్సిలేట్ ఉండదు, సల్ఫేట్ ఉంటుంది. కాల్షియం పట్టుకున్నా అది నీటిలో కరిగే ఉంటుంది. ఇన్ని తిట్లు తింటున్న సల్ఫేట్ చేసే ఈ మేలు బోరు నీళ్లవాళ్లకు ఎవరైనా చెప్పాలి. చర్మం పొడిబారడం నిజమే. అందుకే పక్కనే కొబ్బరినూనె నుంచి చేసే కోకామిడోప్రొపైల్ బీటైన్ కలుపుతారు. రెండూ కలిస్తే ఘాటు తగ్గుతుంది. ఆ మిశ్రమాన్ని చిక్కబరిచేది చాలాసార్లు మన వంటింటి ఉప్పే. అది కూడా ఒక హద్దు వరకే, ఇంకా వేస్తే మళ్లీ పలచబడిపోతుంది.

సల్ఫేట్ లేనివన్నీ చెడ్డవని కాదు. డెసైల్ గ్లూకోసైడ్, కోకోయిల్ ఐసెథియోనేట్ వంటివి వాడినవి బోరు నీళ్లలోనూ బాగా పనిచేస్తాయి. నాకు కోపం వచ్చేది వేరే సరుకు మీద. నూనెను కాస్టిక్ సోడాతో కలిపి చేసిన మామూలు సబ్బునే "కెమికల్స్ లేని సహజ షాంపూ బార్" అని రెండింతల ధరకు అమ్ముతారు. బోరు నీళ్లున్న ఇంట్లో జుట్టుకు అంతకన్నా చెడ్డ ఎంపిక లేదు. జాబితాలో సోడియం కోకోయేట్, సోడియం పామేట్ అని మొదట్లోనే కనిపిస్తే అది సబ్బు. అమ్మ పంపే కుంకుడు పొడి దీనికన్నా ఎంతో నయం. అందులో నురగనిచ్చే సపోనిన్లు కాల్షియంతో సబ్బులా గడ్డకట్టవు, కుంకుడు రసం కాస్త ఆమ్లంగానే ఉంటుంది. కళ్లు మండుతాయి, జుట్టు పొడిబారుతుంది. అంతవరకే దాని చిక్కు.

జాబితా చివర్లో తరచూ ఈడీటీఏ అని ఉంటుంది. ఇది కాల్షియాన్ని బంధించే పదార్థం కాబట్టి నీటి కాఠిన్యాన్ని ఇదే విరిచేస్తుందని చాలామంది రాస్తున్నారు. లెక్క వేసి చూద్దాం. ఒకసారి వాడే షాంపూ 8 మిల్లీలీటర్లు, అందులో ఈడీటీఏ 0.1 శాతం అనుకుంటే 8 మిల్లీగ్రాములు. అది పట్టగలిగిన కాల్షియం సుమారు 2 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానం. లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటిలో 5 మిల్లీలీటర్లకు, అంటే ఒక చెంచాడు నీళ్లకు, సరిపోతుంది. బకెట్ సంగతి వదిలేయండి. ఈడీటీఏ అసలు పని సీసా లోపలే. బ్యాక్టీరియా పొరను కట్టిఉంచే లోహ అయాన్లను అది లాగేసి, షాంపూ పాడవకుండా కాపాడే ప్రిజర్వేటివ్ పని సులువు చేస్తుంది.

జుట్టు మెత్తబడటం వెనక ఇంకో సంగతి ఉంది. నీటిలో తడిసిన వెంట్రుక ఉపరితలం రుణావేశంతో ఉంటుంది. ధనావేశమున్నది ఏదైనా దానికి అంటుకుంటుంది. కాల్షియమూ అలాగే వచ్చి చేరుతుంది. బ్లీచ్ చేసిన జుట్టులో ఆ రుణావేశపు చోట్లు ఎక్కువ కాబట్టి అది కాల్షియాన్ని మరింతగా పీల్చుకుంటుంది. కండిషనర్‌లోని బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్ అదే సూత్రంతో అంటుకుని, పొడవాటి కొవ్వు తోకలతో వెంట్రుకను జారేలా చేస్తుంది. షాంపూల్లో ఈ పని చేసేవాటిలో నాకు బాగా నచ్చేది గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్. పేరు చూసి భయపడక్కర్లేదు, మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల జిగురే దానికి ఆధారం. రాజస్థాన్‌లో ఎక్కువగా పండుతుంది. ఆ జిగురుకు ధనావేశం తగిలిస్తారు. సీసాలో ఉన్నంతసేపు అది షాంపూలో కరిగి ఊరుకుంటుంది. తల మీద నీళ్లు పోసి పలచన చేయగానే విడివడి, సన్నటి జెల్ బిందువులుగా మారి వెంట్రుకల మీద దిగుతుంది. కడిగేటప్పుడే పనిచేసేలా ఇలా కుదర్చడం ఎంతో చక్కటి రసాయనశాస్త్రం.

మరి సీసా ముందువైపు బొమ్మలోని ఉల్లిపాయ, గుంటగలగరాకు? 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం 1 శాతం కన్నా ఎక్కువున్నవాటిని ఎక్కువనుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాయవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను మామూలుగా 1 శాతం మించి వాడరు. కాబట్టి దాని తర్వాత వచ్చేవన్నీ దాదాపు 1 శాతం లోపువే. ఉల్లి రసం అక్కడ కనిపిస్తే, రెండు నిమిషాల్లో కడిగేసే షాంపూలో అది ఎంత పనిచేస్తుందో మీరే ఊహించుకోండి. కొబ్బరినూనె విషయం మాత్రం వేరు. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తలకు రాసిన కొబ్బరినూనె వెంట్రుకలోని ప్రొటీన్ నష్టాన్ని తగ్గించింది, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ తగ్గించలేదు. అది చేసినవాళ్లు కొబ్బరినూనె అమ్మే మారికో సంస్థ శాస్త్రవేత్తలేనన్నది గుర్తుపెట్టుకోవాలి. అయినా కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నదిగా, నిటారుగా ఉండి లోపలికి చొరబడుతుందన్న వివరణ నమ్మదగ్గదే.

చర్మానికి కఠినమైన నీళ్లు చేసే కీడు గురించి 2018లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీవాళ్లు 80 మందిని పరీక్షించారు. కఠినమైన నీటితో కడిగితే సర్ఫాక్టెంట్ (సబ్బు, షాంపూల్లో మురికి వదిలించే సరుకు) చర్మం మీద ఎక్కువ మిగిలి, మంట పెంచింది. అయితే 2011లో ఇంగ్లండ్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలతో చేసిన పెద్ద పరీక్షలో ఇంటికి కాఠిన్యాన్ని తీసేసే వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించినా అదనపు లాభం కనిపించలేదు. నీళ్లు మార్చడం కన్నా స్నానం కాగానే తడి ఆరకముందే గ్లిజరిన్, పెట్రోలాటం ఉన్న క్రీమ్ రాసుకోవడం చవక.

షవర్ ఫిల్టర్ లెక్కా సూటిగానే ఉంది. ఇందాకటి నీళ్లే 20 లీటర్ల బకెట్‌లో ఉంటే అందులో 8 గ్రాముల కాఠిన్యం ఉంటుంది. అరచేతిలో పట్టే కాట్రిడ్జ్‌లో నిజంగా సాఫ్ట్‌నర్ రెసిన్ ఉన్నా కొద్ది బకెట్లకే నిండిపోతుంది, మళ్లీ ఉప్పునీళ్లు పోసి శుద్ధి చేయాలి. కార్బన్ ఉన్నవి క్లోరిన్‌ను తీస్తాయి, కాల్షియాన్ని ముట్టుకోవు. దానికన్నా ఆఖరి చెంబు మాత్రం ఆర్‌ఓ నీళ్లతో పోసుకుంటే మేలు. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లు మాత్రం తలకు వద్దు, అవి బోరు నీళ్లకన్నా కఠినం.

ఇక రాలడం. వెంట్రుక పెరిగేది చర్మం లోపలి కుదురులో. పైన పోసే నీళ్లలోని కాల్షియం కుదురునుంచి జుట్టును రాల్చుతుందని చూపిన గట్టి ఆధారం లేదు. 2013లో కోయంబత్తూరు వైద్యులు కఠినమైన నీటిలో ఉంచిన వెంట్రుకల బలాన్ని కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2018లో పాకిస్తాన్‌లో చేసిన ఇంకో పరీక్షలో బలం కొంత తగ్గింది. ఆ తగ్గుదల వల్ల వెంట్రుక మధ్యలో తెగవచ్చు. రాలిన వెంట్రుక ఒక కొసన చిన్న తెల్లటి ఉండ ఉంటే అది కుదురునుంచి ఊడింది, నీళ్ల మీద నెపం వేయకండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. జ్వరం, నిద్రలేమి, తిండి మారడం, కొత్త ఉద్యోగపు టెన్షన్ వంటివి జుట్టును రాల్చేది రెండు మూడు నెలల తర్వాత. ఊరు మారినవాళ్లు ఆ సమయానికి బెంగళూరులో ఉంటారు కాబట్టి నింద బోరు మీద పడుతుంది. ఇరవైల్లో ఉన్న అబ్బాయిలకు నుదుటి పక్కలు వెనక్కి వెళ్తుంటే అది చాలావరకు వంశపారంపర్యం. దానికి వాడే మినాక్సిడిల్ మందుల కోవలోకి వస్తుంది, సౌందర్య సాధనాల్లోకి రాదు. రాలడం ఆగకపోతే డెర్మటాలజిస్ట్‌కు చూపించుకుని, వాళ్లు చెబితే ఫెరిటిన్ (ఒంట్లోని ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి.