బడికి మంచిమాట చేరే దారి ఏది?

జూన్ 12న బడులు తెరుచుకోగానే హైదరాబాద్‌లో తల్లిదండ్రుల మాటలన్నీ దాదాపు ఒకే దారి పడతాయి. ఫీజు ఎంత పెంచారు? పుస్తకాలు బయట కొననిస్తారా? బస్సు ఏ మలుపు దగ్గర ఆగుతుంది? సర్కారు బడిలో బాత్రూములకు నీళ్లొస్తున్నాయా? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఇవే అడిగిన తల్లి, సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి, ‘ఈ సార్ వచ్చినంక మా వానికి లెక్కలంటే భయం పోయిందే’ అని సంబరంగా చెప్పుకుంటుంది. ఆ మాట బడి దాకా పోదు. సార్‌కు తెలియదు, హెడ్మాస్టర్‌కు తెలియదు, పై అధికారికి అసలే తెలియదు. కోపమొస్తే వాట్సాప్ గ్రూపుంది, దరఖాస్తుంది, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసు ముందు ధర్నా ఉంది. మెచ్చుకోవడానికి మాత్రం ఒక చోటంటూ లేదు.

తల్లిదండ్రులకు కృతజ్ఞత లేకనే ఇలా అయిందంటే నేను ఒప్పుకోను. ఈ ఊళ్లో బడికీ ఇంటికీ మధ్య సంబంధం నూరేళ్లలో చాలాసార్లు మారింది. మారిన ప్రతిసారీ తల్లిదండ్రులకు ఏదో ఒక కొత్త పని అప్పజెప్పారు గానీ, మంచిని మంచి అని చెప్పే పని ఎవరి వంతులోకీ రాలేదు.

నిజాం కాలంలో సర్కారు చదువు ఉర్దూలో సాగేది. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. తెలుగు పిల్లలకు తెలుగులో నాలుగక్షరాలు నేర్పింది ఎక్కువగా ఖాన్గీ బడులు. ఖాన్గీ అంటే ప్రైవేటు అని అర్థమే గానీ, ఇప్పటి ప్రైవేటు బడులతో వాటికి పోలిక లేదు. ఒక పంతులు, ఒక అరుగు, చుట్టుపక్కల ఇళ్ల పిల్లలు. నెల జీతం చాలాచోట్ల మాటవరసకే. ఇళ్లవాళ్లు గింజలిచ్చేవారు, పండక్కి బట్టలు పెట్టేవారు. దసరాకు పంతులు పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఆయనకు డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు దొరికేవి. అది జీతమూ అయ్యేది, కృతజ్ఞతా అయ్యేది. ఇంటి ముందుకొచ్చిన పంతులుకు ఊరంతా చూస్తుండగా దండం పెట్టడమే ఆనాటి మెచ్చుకోలు. అందులో పేదరికం ఉంది, పంతులు చెయ్యి చాచాల్సిన అవమానమూ ఉంది. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోనక్కర్లేదు. కానీ పంతులు చేసిన పనిని ఇల్లు గుర్తించిందన్న సంగతి మాత్రం ఆయనకు తప్పకుండా తెలిసేది.

1920ల్లో ఈ బడులకు సర్కారు అనుమతి తప్పనిసరి చేసి ముకుతాడు వేశారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి నిజామాంధ్ర మహాసభలో, అంటే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సభలో, ఖాన్గీ బడుల మీద ఆంక్షలు ఎత్తేయాలన్న డిమాండ్ వినిపించింది. అంటే బడి కోసం పెద్దలు సర్కారుతో తలపడుతున్న కాలమది.

నగరంలోనూ అంతే. దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో దళిత పిల్లల కోసం బడులు తెరిచారు. తర్వాత అవి 26 దాకా పెరిగాయి. వేరే బడి గడప తొక్కనివ్వని పిల్లలకు అవే దిక్కు. 1921 నవంబరులో వివేక వర్ధిని పాఠశాల ఆవరణలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు పుణె నుంచి వచ్చిన మహర్షి కర్వే, ఆడవాళ్ల చదువు కోసం పాటుపడిన సంస్కర్త. ఆ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఏడేళ్ల తర్వాత, 1928లో, మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో తెలుగు మాధ్యమంతో ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టారు. ఇక్కడ గుర్తింపు దొరక్క పుణెలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకున్నారు. ఆడపిల్లను గడప దాటించడమే తప్పనుకునే రోజుల్లో కూతుర్ని నారాయణగూడ దాకా పంపిన తల్లిదండ్రులు బడి మీద నమ్మకాన్ని మాటల్లో చెప్పాల్సిన పని లేదు. పంపడమే వాళ్లు చెప్పిన మాట. మాడపాటి 1951లో హైదరాబాద్ తొలి మేయరయ్యారు. నా లెక్కలో మాత్రం ఆ పదవి కంటే ఆ బడే పెద్దది.

1948 పోలీసు చర్య తర్వాత, 1956 రాష్ట్రాల పునర్విభజన తర్వాత బడి సర్కారు బాధ్యత అయింది. ఇది చాలా పెద్ద మంచి. జాగీర్దార్ల కొడుకుల కోసం 1923లో పెట్టిన బేగంపేట కాలేజీ, జాగీర్లు రద్దయ్యాక 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారింది. కానీ బడి నడిపే భారం తగ్గిన తల్లిదండ్రులు గేటు బయటే మిగిలిపోయారు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం, పిల్లాడు తప్పు చేస్తే హెడ్మాస్టర్ పిలుపు. పిలుపొచ్చిందంటే గుండె దడే. సార్ మంచివాడని చెప్పడానికి ఎవరూ పనిగట్టుకుని బడికి పోరు.

ఎనభైల నుంచి గల్లీ గల్లీకి ప్రైవేటు బడి వచ్చాక ఆ సంబంధం రశీదు మీదికెక్కింది. 1994 జనవరి 1న వచ్చిన జీవో 1 ప్రైవేటు బడులకు కట్టుబాట్లు పెట్టింది. ఫీజుల్లో సగం టీచర్ల జీతాలకే పోవాలని, యాజమాన్యం లాభం 5 శాతం దాటకూడదని అందులో ఉంది. అది సరిగా అమలై ఉంటే తర్వాతి గొడవల్లో సగం ఉండేవి కావు. అమలు కాలేదు గనుకే తల్లిదండ్రులు సంఘాలు కట్టారు, కోర్టులకెక్కారు. 2017లో ఫీజుల నియంత్రణ మీద ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీ వచ్చింది. కరోనా ఏడాదిలో ఫీజులు పెంచొద్దని, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలని 2020 ఏప్రిల్‌లో జీవో 46 వచ్చింది. ఈ పోరాటం న్యాయమైనదే. అయితే దీనివల్ల ఒక నష్టం కూడా జరిగింది. డబ్బు కట్టాం గనుక బడి చేసే మంచి మనకు రావాల్సిన సరుకే అన్న భావన ఇళ్లలో స్థిరపడిపోయింది. యాజమాన్యం మీది కోపం, చాలీచాలని జీతంతో నలభై మంది పిల్లలను సముదాయించే టీచరమ్మ మీద కూడా పడింది. ఫీజు నిర్ణయించేది ఆమె కాదు. మన బాబుకు చదవడం వచ్చింది మాత్రం ఆమె వల్లనే.

సర్కారు బడుల వైపు కథ ఇంకోలా నడిచింది. 1991లో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లలను పని మాన్పించి బడికి పంపే ఉద్యమం మొదలుపెట్టింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పిల్లలను పనిలోంచి వదిలిపెట్టిన ఆసాములకు ఊరి ముందు సన్మానం చేయడం వాళ్ల పద్ధతుల్లో ఒకటి. నలుగురిలో మెచ్చుకుంటే మనిషి ఆ మంచి మీద నిలబడతాడని వాళ్లు పని చేసి చూపించారు. 1998లో ఉమ్మడి రాష్ట్రం బడి కమిటీల్లో తల్లిదండ్రులను కూర్చోబెడుతూ చట్టం చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టంతో పాఠశాల యాజమాన్య కమిటీలు వచ్చాయి. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన దగ్గర తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. బడి పనితీరు గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం వాళ్ల విధులు. చట్టం రాసిన పనుల్లో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాకపోతే కమిటీ సమావేశం అంటే లోటుపాట్ల పద్దు చదవడమేనన్న అలవాటు అక్కడి నుంచే పాతుకుపోయింది.

ఆ అలవాటు కాస్త సడలింది కరోనాలో. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, సర్కారు చదువుల ఛానల్ టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. ఒక్క ఫోన్ ముందు ముగ్గురు పిల్లలను గంటసేపు కూర్చోబెట్టడం ఎంత కష్టమో ప్రతి ఇంటికీ తెలిసొచ్చింది. ఫోన్లు లేని పిల్లల కోసం వర్క్‌షీట్లు పట్టుకుని బస్తీల్లో తిరిగిన సర్కారు టీచర్లున్నారు. ఇంకోపక్క ఉద్యోగాలు పోయి కూరగాయలమ్మిన ప్రైవేటు టీచర్లున్నారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అప్పుడు తల్లులు టీచర్ల గురించి మాట్లాడిన తీరు వేరు. బడులు తెరిచాక ఆ మాటలు మెల్లగా అణిగిపోయాయి. దాచుకునే చోటు లేకపోవడమే కారణం.

తర్వాత పనులైతే జరిగాయి. 2022 మార్చి 8న మొదలైన సర్కారు బడుల బాగుసేత పథకం మన ఊరు-మన బడి, నగరంలో మన బస్తీ-మన బడి అయింది. ఆ ఏడే సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా స్వయం సహాయక సంఘాల మహిళలు తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు మరమ్మతులు చూసుకున్నారు, యూనిఫాంలు కుట్టారు. అద్దె ఇళ్లలో, ఒకే ఆవరణలో రెండు మూడేసి బడులు నడిచే హైదరాబాద్‌లో ఈ మరమ్మతులు చిన్నవేం కావు.

ఈ మధ్య మా దగ్గరి బస్తీ ప్రాథమిక పాఠశాలలో కమిటీ సమావేశానికి వెళ్లాను. తీర్మానాల పుస్తకం తిరగేశాను. ప్రహరీ గోడ, నల్లా కనెక్షన్, వంటగది రేకులు, మళ్లీ ప్రహరీ గోడ. ఆరోజు ఒకామె లేచి నిలబడింది. టిఫిన్ సెంటర్లో పని చేస్తుంది. కొడుకు మూడో తరగతి. బోర్డు మీద 8 రాస్తే వాడు 3 అని ఎక్కించుకుంటున్నాడట. ఇంట్లో మొద్దు అని తిట్టేవారట. టీచరమ్మ వాణ్ని ముందు వరసలోకి మార్చి, రెండు రోజులు గమనించి, సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చింది. ‘అద్దాలొచ్చినయి సార్, ఇప్పుడు నా బిల్లు కూడా వాడే చదువుతుండు. గీ మాట గీ బుక్కుల రాయరా?’ అని అడిగింది. హెడ్మాస్టర్ ఒక్క క్షణం ఆగి, రాయొచ్చమ్మా అన్నారు. ఆమెకు సంతకం ఒక్కటే వచ్చు. హైస్కూల్లో చదివే పెద్దకూతురు రాసిపెట్టింది, మూడు వాక్యాలు. పక్కన కూర్చున్న తల్లులు కూడా సంతకాలు పెట్టారు.

ఆ మూడు వాక్యాలు నా దృష్టిలో ప్రహరీ గోడ తీర్మానంతో సమానమైనవి. ఏ టీచర్, ఏ పిల్లవాడు, ఏం చేసింది, ఏం మారింది అన్నీ అందులో ఉన్నాయి. ‘మా బడి చాలా బాగుంది’ అన్న మాటతో ఎవరికీ పని జరగదు. ఇలా రాస్తే కొత్తగా వచ్చే హెడ్మాస్టర్ చదువుకుంటారు. ఆ టీచర్ బదిలీ అయిపోయినా, కళ్లు సరిగా కనిపించని పిల్లల్ని ఎలా పట్టుకోవాలో మిగతావాళ్లకు ఒక దారి ఉంటుంది.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి 2018 నుంచి టీచర్లే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. చేసిన పనికి ఆధారాలు జతపరచాలి. తన గొప్ప తానే చెప్పుకోవడానికి మొహమాటపడే టీచర్లు ఈ ఊళ్లో ఎంతోమంది. తల్లిదండ్రులు సంతకాలు పెట్టిన తీర్మానం నకలు వాళ్ల దగ్గర ఉంటే ఆ మొహమాటం సగం తీరుతుంది. ప్రైవేటు బడుల్లో ఈ కమిటీలు లేవు. అక్కడ ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసి, ఒక నకలు ఆ టీచర్ చేతికే ఇవ్వొచ్చు. జీతం పెంచమని అడిగేటప్పుడు ఆమె చూపించుకోవడానికి ఒక కాగితం ఉంటుంది. సర్కారు బడి అయితే వచ్చే సమావేశంలో హెడ్మాస్టర్‌ను అడిగి రాయించి, నకలు డిప్యూటీ విద్యాధికారికి (డిప్యూటీ ఈఓ) కూడా పంపమనండి.