స్లైడు ఒకటే, జబ్బులు వేరు

చెన్నైలో వానలు మొదలయ్యాయంటే మా ల్యాబ్ కౌంటర్ దగ్గర అందరి నోటా ప్లేట్‌లెట్ల మాటే. నెల్లూరు నుంచో సూళ్లూరుపేట నుంచో పొద్దున్నే రైలెక్కి వచ్చినవాళ్లు రిపోర్టు చేతికి రాకముందే "కౌంట్ ఎంతుందండీ?" అంటారు. పోయినేడాది వానల్లో ఒకావిడ ఆరేళ్ల కొడుకుని తీసుకొచ్చింది. కౌంట్ 38 వేలని తెలియగానే, "డెంగ్యూయే కదండీ, బొప్పాయాకు రసం పట్టిస్తున్నాం" అంది. పిల్లాడికి జ్వరం లేదు. మొహం ఉబ్బి ఉంది, నిన్నటి నుంచి ఒంటేలుకి సరిగా పోలేదట. అంతకు ముందు వారం రెండు రోజులు విరేచనాలు అయ్యాయట.

స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రకణాలు గుండ్రంగా, నడుమ కాస్త వెలిసినట్టు ఉండాలి. ఇక్కడ కొన్ని విరిగిన అప్పడాల్లా ఉన్నాయి, కొన్ని రెండు కొమ్ములున్న హెల్మెట్లలా ఉన్నాయి. వీటిని షిస్టోసైట్లు అంటారు. సన్నటి రక్తనాళాల్లో చిన్న చిన్న గడ్డలు కడితే, వాటి సందుల్లోంచి దూరబోయి కణాలు ఇలా తెగిపోతాయి. ఆ గడ్డలు కట్టడానికే ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతాయి. కిడ్నీలో వడపోసే నాళాలు మూసుకుపోయి, ఒంటేలులో పోవాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరుగుతుంది. ఈ మూడూ కలిస్తే హీమోలిటిక్ యురేమిక్ సిండ్రోమ్, పొట్టిగా హెచ్‌యూఎస్. 1955లో స్విట్జర్లాండ్ వైద్యుడు కాన్రాడ్ గాసర్ పెట్టిన పేరిది.

అయితే ఆ పేరు జరిగిన నష్టాన్ని చెబుతుందే గానీ, ఎవరు చేశారో చెప్పదు. చాలాకాలం డాక్టర్లు విరేచనాలు ఉంటే ఒక రకం, లేకపోతే ఇంకో రకం అని సర్దేశారు. నా దృష్టిలో అది దొంగని చొక్కా రంగు చూసి పట్టుకోవడమే.

విరేచనాల రకానికి అసలు కారణం షిగా టాక్సిన్ అనే విషం. కొన్ని రకాల ఈ కోలై బ్యాక్టీరియా దీన్ని తయారు చేస్తుందనీ, హెచ్‌యూఎస్‌కి మూలం అదేననీ 1983లో టొరంటోలో మొహమ్మద్ కర్మాలీ బృందం చూపించింది. 2011లో జర్మనీలో ఇలాంటి ఈ కోలై అంటిన మెంతి మొలకల వల్ల దాదాపు 3,800 మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. మెంతుల్ని పోపులో మాడేదాకా వేయించే మనకి ఆ భయం తక్కువే. కానీ పచ్చి మొలకలు తినే డైటింగ్ వాళ్లు మా అపార్ట్‌మెంట్లోనూ ఉన్నారు. మన దేశంలో ఒకప్పుడు ఇదే విషం ఎక్కువగా షిగెల్లా అనే బ్యాక్టీరియా తెచ్చే జిగట విరేచనాల ద్వారా పిల్లల కిడ్నీల దాకా చేరేది. షిగెల్లాకి యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే. ఈ కోలైకి ఇస్తే విషం ఇంకా ఎక్కువ బయటికి రావచ్చని డాక్టర్లు వెనకాడతారు.

ఇక కాంప్లిమెంట్ సంగతి. సూక్ష్మజీవుల మీద దాడికి మన రక్తంలో ఉండే ప్రొటీన్ల దండు ఇది, ఎప్పుడూ సన్నగా వెలుగుతూ ఉండే మంట లాంటిది. మన కణాలు కాలకుండా దాన్ని అదుపులో ఉంచే ప్రొటీన్లలో ముఖ్యమైనది ఫ్యాక్టర్ హెచ్. కొందరిలో పుట్టుకతోనే జన్యువులో లోపం ఉంటుంది. ఇంకొందరిలో శరీరమే ఫ్యాక్టర్ హెచ్ మీద యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. అదుపు తప్పిన ఆ మంట రక్తనాళాల లోపలి గోడల్నే కాల్చి గడ్డలు కట్టిస్తుంది. మన దేశపు పిల్లల్లో విషంతో సంబంధం లేని హెచ్‌యూఎస్‌లో సుమారు సగం ఈ యాంటీబాడీల వల్లే. వీళ్లకి ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని తీసేసి దాతలది ఎక్కించడం, చేసి, యాంటీబాడీల తయారీని అణచే మందులివ్వాలి. కాంప్లిమెంట్‌ను ఆపే ఎక్యులిజుమాబ్ అనే మందు ఈ జబ్బుకి 2011 నుంచి వాడుకలో ఉంది గానీ, ధర మామూలు కుటుంబానికి అందేది కాదు. చిక్కేమిటంటే, ఈ రకం కూడా కొందరిలో విరేచనాలతోనే మొదలవుతుంది.

అదే ప్లాస్మా, న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చిన హెచ్‌యూఎస్‌లో చెడు చేయొచ్చు. ఆ బ్యాక్టీరియా ఎర్రకణాల మీది పూతని గీకేస్తుంది, అడుగున బయటపడ్డ పొరని పట్టుకునే యాంటీబాడీలు దాతల ప్లాస్మాలోనూ ఉంటాయి. పసిపిల్లల్లో బీ12 విటమిన్‌ని వాడుకోలేని పుట్టు లోపం వల్ల వచ్చేది మరొకటి. దానికి కావలసింది హైడ్రాక్సోకోబాలమిన్ ఇంజెక్షన్లు. అందుకే ఈ లోపంలో రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ పరీక్ష మరిచిపోకూడదు. గర్భం, కొన్ని మందులు, బాగా పెరిగిన బీపీ కూడా ఇదే స్లైడుని చూపించగలవు.

ఆ పిల్లాడి విషయంలో డాక్టర్ ఫోన్‌లో చెప్పింది ఒకటే: ప్లాస్మా ఎక్కించకముందే శాంపిళ్లు తీయండి. దాతల ప్లాస్మా కలిశాక ఫ్యాక్టర్ హెచ్, గడ్డలు కట్టకుండా చూసే యాడమ్‌ట్స్13 అనే ఎంజైమ్ లాంటి పరీక్షల్లో కనిపించేది పిల్లాడి రక్తమో దాతలదో తేల్చలేం. ట్యూబులు నింపి, తీసిన టైమ్ రాసి పంపాను. రిపోర్టుల కోసం ఆగకుండా ఆ రాత్రే ప్లాస్మా మార్పిడి మొదలుపెట్టారు. విరేచనంలో షిగా టాక్సిన్ దొరకలేదు. ఫ్యాక్టర్ హెచ్ మీది యాంటీబాడీలు బాగా ఎక్కువగా వచ్చాయి.

ఆ రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన రోజు ఆవిడ కౌంట్ అడగలేదు. కౌంటర్ దగ్గర అందరికీ వినపడేలా, "పోశాడండీ ఒంటేలు!" అంది.