ఫోటో వెనుక రాయవలసిన మాటలు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ప్రాంతీయ గ్రంథాలయంలో ఒక గదికి ఎప్పుడూ తాళం ఎందుకు వేసి ఉంటుందని మీరు అడిగారు. పాత వార్తాపత్రికలు, భూపటాలు, ఉత్తరాలు, జమాఖర్చుల పుస్తకాలు, ఫోటోలు, అంటే ఆ ప్రాంతపు చరిత్ర అంతా అందులోనే ఉంటుంది. ఆ తాళం మీకు అడ్డు కాదు. ఎండ, తేమ, దుమ్ము లోపలికి చేరకుండా చూసే ఏర్పాటులో అదొక భాగం. అడిగిన వారికి కావలసిన కాగితాన్ని బయటికి తెచ్చి, బల్లమీద పరిచి చూపిస్తారు.

అంత జాగ్రత్తకు కారణం కాగితంలోనే ఉంది. 19వ శతాబ్ది మధ్య నుంచి కర్రగుజ్జుతో కాగితం చేయడం పెరిగింది. ఆ గుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం, సిరా పాకకుండా కలిపే పటిక కాలక్రమేణా కాగితంలో ఆమ్లాన్ని పెంచుతాయి. అందువల్లనే 1900 నాటి వార్తాపత్రిక మడత విప్పబోతే పెళుసుగా విరిగిపోతుంది. గుడ్డపీలికల గుజ్జుతో చేసిన, అంతకన్నా రెండు వందల ఏళ్లు పాతదైన పుస్తకపు పుట మాత్రం చాలాసార్లు ఇప్పటికీ మెత్తగా తిరుగుతుంది. చిరిగినచోట మనం సెల్లోటేపు అంటిస్తాం గానీ, దాని జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై కాగితంలోకి ఇంకుతుంది. గ్రంథాలయంవారు పలుచని జపాన్ కాగితాన్ని గోధుమ గంజితో అతికిస్తారు, ఎందుకంటే దానిని తడిచేసి మళ్లీ ఊడదీయవచ్చు. చేసిన మరమ్మతును రేపు మరొకరు విప్పగలగాలన్నది ఈ పనిలో పెద్ద నియమం.

పత్రికలను మైక్రోఫిల్మ్‌పైకి, అంటే పుటలను బాగా చిన్నవిగా ఫోటో తీసి ఉంచే ఫిల్మ్‌పైకి, ఎక్కించడం, స్కాన్ చేసి ఒకటికి మూడు ప్రతులు వేర్వేరు చోట్ల ఉంచడం మీరు వినే ఉంటారు. అవి అవసరమే. అయితే నా దృష్టిలో అన్నింటికంటే విలువైన పని వివరాలు రాయడం. బడి ముందు వరుసగా నిలబడిన పిల్లల ఫోటో ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. భూతద్దం పెడితే గోడమీది పలకలో సగం అక్షరాలు, ఒక బాలుడి చేతికి కట్టిన గుడ్డ కనిపిస్తాయి. కానీ వెనుక ఊరు, సంవత్సరం, పేర్లు లేకపోతే వాళ్లెవరో చెప్పేవారు ఉండరు. ఆ వివరాలు లేనిదే గ్రంథాలయం దానిని ఏ శీర్షిక కింద జాబితాలో చేర్చాలి, వెతికేవారికి అది ఎలా దొరకాలి? అందుకే అలాంటి ఫోటోలను ప్రదర్శనలో పెట్టి, పెద్దవాళ్లు గుర్తుపట్టిన పేర్లను, చెప్పినవారి పేరుతో, తేదీతో సహా రాసుకుంటారు. వృద్ధుల జ్ఞాపకాలను వారి అనుమతితోనే రికార్డు చేస్తారు. వారు వద్దన్న భాగాన్ని అందరికీ వినిపించరు.

యునెస్కో 1949లో తొలిసారి వెలువరించిన ప్రజా గ్రంథాలయ ప్రకటనను 2022లో మళ్లీ సవరించినప్పుడు, ఏది సేకరించాలో, ఏది పంచుకోవాలో నిర్ణయించడంలో స్థానికులకు చురుకైన పాత్ర ఉండాలని చేర్చారు. ఆ స్థానికుల్లో మీరూ ఉన్నారు.

మీ ఇంట్లోని పాత ఫోటోల పెట్టె తెరిచి, పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని, తెలిసినంతవరకు పేర్లు రాయండి. మెత్తని పెన్సిల్‌తో, వెనుకవైపు అంచున, ఒత్తకుండా రాయాలి. బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపు గీతలుగా తేలుతుంది. సందేహమున్న పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. సెలవులకు వచ్చినప్పుడు ఆ పెట్టె తీసుకురండి, మనం కలిసి గ్రంథాలయానికి వెళదాం.

మీ తాతయ్య