గట్టు మీది మాట, ఫైల్లోని మాట

సోమవారం పొద్దున గుంటూరులో అర్జీలు తీసుకునే చోట, చెట్టు కింద చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాసే పెద్దాయన ఒకాయన కూర్చుంటాడు. మొన్నామధ్య పనిమీద అటు వెళ్లినప్పుడు, పల్లె నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఆయన ముందు చతికిలబడి చెప్పుకుంటోంది. "పక్క చేనాయన నా గట్టు సగానికి చెక్కేశాడయ్యా. ఇదేందని అడిగితే సర్వేరును తెచ్చుకోపో అంటన్నాడు." ఆయన తలూపుతూ రాసుకుపోయాడు. అంతా అయ్యాక చదివి వినిపించాడు: "నా స్వాధీనానుభవములో యున్న భూమి యొక్క సరిహద్దు గట్టును సదరు వ్యక్తి దౌర్జన్యముగా ధ్వంసము చేసి ఆక్రమించుకొనియున్నందున, తమరు దయతో విచారణ జరిపించి..." ఆవిడ బుద్ధిగా విని వేలిముద్ర వేసింది.

ఆవిడ చెప్పినట్టే రాయొచ్చు కదా అని అడిగాను. "గట్టు చెక్కేశాడు అని రాస్తే ఎవరు పట్టించుకుంటారండీ?" అన్నాడాయన. తప్పు పట్టడానికి లేదు, ఆయన అనుభవం ఆయనది. కానీ ఆ పది నిమిషాల్లోనే ఒకే గోడు రెండు భాషలు మారింది. లోపలికి వెళ్లాక మూడో భాషలో, అంటే ఇంగ్లీషు రిమార్కుల్లో, ఫైలవుతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వందేళ్ల పైబడి జరిగిన రాజకీయమంతా ఈ మూడు భాషల మధ్య దూరం గురించేనని నాకు అనిపిస్తుంది. మొదటిది సభల్లో గెలిచింది, పత్రికల్లో గెలిచింది. మూడోదాన్ని మాత్రం ఇప్పటికీ కదిలించలేకపోయింది.

అసలు 'అర్జీ' అన్న మాటే మనది కాదు. పట్టా, దస్తావేజు, జమాబందీ, ఫసలీ, తహసీల్దారు ఇవన్నీ గోల్కొండ, నైజాం కాలాల్లో పారశీ, ఉర్దూల నుంచి వచ్చి కచేరీల్లో, అంటే సర్కారు ఆఫీసుల్లో, స్థిరపడినవి. మనం గుండెల మీద చెయ్యేసుకుని చెప్పుకునే 'రైతు' అన్న మాట కూడా ఆ దారినే వచ్చింది. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చాక ఆ పాత మాటల మీద ఇంగ్లీషు ఇంకో పొరలా పరుచుకుంది. పాలించేవాడి మాట ఎప్పుడూ వేరే ఉంటుందని, మన పని దాన్ని అర్థం చేసుకోవడమేనని జనం అలవాటు పడిపోయారు. ఇప్పటి సోమవారం కార్యక్రమాన్నే చూడండి. ఒకప్పుడు 'స్పందన' అన్నారు, ఇప్పుడు 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక' అంటున్నారు. రెండూ తెలుగు మాటలే. బస్సు దిగిన మనిషి మాత్రం ఆటో అతనితో "గ్రీవెన్సుకు పోవాలి" అంటాడు.

తెలుగులోనే మనిషిని బయట నిలబెట్టే తెలుగు ఒకటి ఉందని గట్టిగా చెప్పిన మొదటి తరం గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావులది. స్కూల్లో పిల్లవాడు రాసే వ్యాసం ఏ భాషలో ఉండాలన్న చిన్న ప్రశ్నతో మొదలై, 1910 తరవాత అది పెద్ద యుద్ధమే అయింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయం ముందు తన అసమ్మతి పత్రం పెట్టారు. అయినా పెద్దలు గ్రాంథికం వైపే మొగ్గారు. దాన్ని పండితుల తగాదా అని ఇప్పుడు చాలామంది తీసిపారేస్తారు. నేనలా అనుకోను. చెట్టు కింద పెద్దాయన "యున్నందున" అని రాస్తున్నది ఆ రోజు తేలని తగాదాలోంచే. మాట్లాడేది ఒకటి, మర్యాదగా రాయాల్సింది మరొకటి అన్న నమ్మకం బళ్లోంచి పోయింది, పత్రికల్లోంచి పోయింది, అర్జీలోంచి మాత్రం పోలేదు.

అదే రోజుల్లో ఇటువైపు ఇంకో పని జరుగుతోంది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ, మరుసటేడు బెజవాడలో రెండోది. తమిళులతో కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలోంచి తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న తీర్మానం బెజవాడ సభదే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దాని మొదటి మకాం కూడా బెజవాడే. విశాఖకు తరవాత వెళ్లింది. భాష పేరుతో రాష్ట్రం అడగడం దేశంలో అప్పటికి కొత్త. చదువుకున్నవాళ్లు, వకీళ్లు మొదలుపెట్టిన ఆ పని పల్లెదాకా వెళ్లాలంటే మాత్రం పల్లె మాట కావాల్సి వచ్చింది.

ఆ మాట దొరికింది 1921లో. సహాయ నిరాకరణం అన్న మాటను పెదనందిపాడు ఫిర్కా (కొన్ని ఊళ్లు కలిసిన పాత రెవెన్యూ విభాగం) రైతులు పన్నులు కట్టం అన్న ముక్కగా మార్చుకున్నారు. పల్నాడులో అయితే ఒకే ఒక్క పదం చాలింది: పుల్లరి. అడవిలో గొడ్లను మేపుకున్నందుకు కట్టే పన్ను అది. ఆ మాట వింటే ఇప్పటికీ అక్కడివాళ్లకు కన్నెగంటి హనుమంతు గుర్తొస్తాడు. పుల్లరి కట్టనని ఎదురు తిరిగి 1922లో పోలీసు తూటాలకు పడిపోయినవాడు. చీరాల-పేరాలను మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జనాన్ని ఇళ్లు వదిలి ఊరి బయట పాకల్లోకి తరలించారు. తన వాలంటీర్లకు ఆయన పెట్టిన పేరు రామదండు. స్వచ్ఛంద సేవాదళం అంటే ఎవరికీ ఏమీ పట్టదు. రామదండు అంటే అందులో తను ఎవరో, ఎదుటివాడు ఎవరో, కథ చివరికి ఏమవుతుందో వినగానే తెలిసిపోతుంది. రాజకీయంలో పేరు పెట్టడమంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

బుర్రకథ సంగతి ఇంకా గొప్పది. కథకుడికి అటొకరు ఇటొకరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబుతారు, రెండో ఆయన చెప్పేదాన్ని 'రాజకీయం' అనే అంటారు. అంటే కథను ఆపి ఇవాళ్టి ఊరి సంగతి, దేశం సంగతి ఎత్తడం కళలోనే ఒక మనిషికి అప్పజెప్పిన పని. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్, కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి దాన్నే పట్టుకుని 1940లలో ఊరూరా తిరిగారు. బెంగాల్ కరువు ఎక్కడో దూరాన జరుగుతున్నది. అక్షరం రాని మనిషి చేత దాన్ని తన ఆకలిగా అనుకునేట్టు చేయడం ఏ కరపత్రానికీ సాధ్యమయ్యేది కాదు. ఆయన కథల మీద ప్రభుత్వం నిషేధం పెట్టడంలో ఆశ్చర్యమేముంది.

స్వాతంత్ర్యం వచ్చాక విజయవాడ పత్రికల ఊరైంది. 1952లో విశాలాంధ్ర, 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడిగా ఆంధ్రజ్యోతి ఇక్కడే మొదలయ్యాయి. 1948 నుంచి ఆకాశవాణి ఇక్కడినుంచే పలికింది. గిడుగు అడిగింది బడి కంటే ముందు పత్రికల్లో జరిగింది. సంపాదకీయం మాట్లాడినట్టు ఉండొచ్చని, ఉండాలని నార్ల చేసి చూపించారు. టీ కొట్టు దగ్గర పేపరు పైకి చదివేవాడు ఒకడు, చుట్టూ వినేవాళ్లు పది మంది. వాళ్లందరూ వాదనలో భాగమయ్యారు. 1966లో విశాఖ ఉక్కు కోసం గుంటూరు జిల్లాకు చెందిన టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నప్పుడు రాష్ట్రమంతా పలికిన నినాదం, 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు', ఉక్కుకు హక్కు ప్రాసగా కుదరడంతోనే నాలుక మీద నిలిచిపోయింది. యాభై ఏళ్లు దాటాక, 2021లో ఆ ఫ్యాక్టరీని ప్రైవేటుకు ఇస్తారన్నప్పుడు, పుట్టి ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లలు అదే నినాదం మళ్లీ ఎత్తుకున్నారు.

సభ, పాట, పేపరు, నినాదం అన్నీ తెలుగైపోయాయి. కచేరీ మాత్రం కాలేదు.

పొట్టి శ్రీరాములు ప్రాణాలిచ్చాక 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. భాష కోసం వచ్చిన రాష్ట్రం కదా, మరుసటేడు గుంటూరులో పెట్టిన హైకోర్టు మాత్రం ఇంగ్లీషులోనే నడిచింది. రాజ్యాంగంలోని 348వ అధికరణం అలా ఉంది మరి. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం రావడానికి 1966 దాకా పట్టింది. తెలుగును అధికార భాష అన్న ఆ చట్టమే ఇంగ్లీషు కొనసాగడానికీ దారి పెట్టింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడు సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్లిన వావిలాల గోపాలకృష్ణయ్య. గ్రంథాలయ ఉద్యమంలోంచి వచ్చిన మనిషి కాబట్టి కాగితం చదవగలగడానికి విలువెంతో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. కానీ సంఘం సిఫారసు చేయగలదు, సంతకం పెట్టే చేతిని మార్చలేదు.

1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలాలు వచ్చాయి. తెలుగు ఆత్మగౌరవం పేరుతో 1983లో గెలిచిన ప్రభుత్వం పెట్టిన ఈ తెలుగు మాట జనంలో కుదిరిపోయింది. "ఏ మండలం మీది?" అని అడగని రోజు లేదు. అదే మండలానికి పెట్టిన మండల రెవెన్యూ అధికారి మాత్రం వారం తిరక్కుండానే 'ఎమ్మార్వో' అయ్యాడు. తరవాత ఆ హోదాకు తహసీల్దారు అని పాత పేరే తెచ్చారు. మా వైపు ఇప్పటికీ ఎమ్మార్వో ఆఫీసే. చోటుకు పెట్టిన తెలుగు పేరు నిలిచి, అధికారికి పెట్టిన తెలుగు పేరు నిలవకపోవడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

అమరావతి రాజధాని వచ్చాక ఈ మాటల తూకం తుళ్లూరు, మంగళగిరి వైపు పొలాల మీదికే వచ్చిపడింది. 2015లో 29 ఊళ్లలో దాదాపు 33 వేల ఎకరాలు తీసుకున్న పద్ధతి పేరు భూసమీకరణ. అప్పటిదాకా రైతులు విన్నది భూసేకరణ. పలకడానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. సమీకరణ ఒప్పుకుని ఇచ్చేది, సేకరణ ఒప్పుకోకపోయినా తీసుకునేది. పెనుమాక, ఉండవల్లి అరుగుల మీద నెలల తరబడి ఈ తేడా గురించే మాట్లాడుకున్నారు. అంగీకారం ఇస్తే 9.3 ఫారం, అభ్యంతరం అయితే 9.2 ఫారం. "నువ్వు ఇచ్చావా?" అంటే చాలు, ఏది ఇచ్చాడో అడిగినవాడికీ చెప్పేవాడికీ తెలిసేది. ఏటి పక్కన మూడు పంటలు పండే భూమిని జరీబు అంటారు. తరతరాల ఆ ఊరి మాట ప్రభుత్వ ఉత్తర్వులోకి ఎక్కి, దానికొక రేటు, మెట్టకొక రేటు పడ్డాయి. పల్లె మాట నేరుగా చట్టంలోకి వెళ్లిన అరుదైన సందర్భం అది.

కానీ అందులోనే ఇంకో మాట ఉంది: కౌలు. భూమి ఇచ్చిన రైతుకు పదేళ్ల పాటు ఏటా ఇస్తామన్న డబ్బుకు, మెట్టకు ఎకరానికి 30 వేలు, జరీబుకు 50 వేలతో మొదలై ఏటా పెరిగే ఆ డబ్బుకు, ఇంగ్లీషు కాగితంలో ఉన్న మాట యాన్యుటీ. తెలుగులో దాన్ని కౌలు అన్నారు. మన ఊళ్లో కౌలంటే ఏమిటి? భూమి నాదే, దున్నేది ఇంకొకడు, ఏడాది తిరిగితే మళ్లీ నా చేతికొస్తుంది. ఇక్కడ అది కాదు. భూమి వెళ్లిపోయింది, బదులుగా ప్లాటు వస్తుంది. ఆ పాత మాట ఎంతమంది గుండెకు నిమ్మళం ఇచ్చిందో, ఎంతమందికి అసలు సంగతి కప్పేసిందో ఆలోచిస్తే నాకు మనసు కుదుటపడదు. ఇంకోవైపు, ఆ పొలాల్లో నిజంగా కౌలుకు చేసిన కౌలు రైతు ఈ 'కౌలు'లో ఎక్కడా లేడు. భూమిలేని కూలీలతో పాటు అతనికి నెలకు 2,500 పెన్షన్ అన్నారు. మాట భూమి ఉన్నవాడికి వెళ్లిపోయింది, పని చేసినవాడికి దక్కలేదు.

2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద రచ్చ అందరికీ గుర్తుండే ఉంటుంది. వకీళ్లు కోర్టులు బహిష్కరించారు, 2024 ఎన్నికల్లో అదే పెద్ద మాటయింది, ఆ జులైలోనే శాసనసభ దాన్ని రద్దు చేసింది. భూమి తగాదా వస్తే ముందు సివిల్ కోర్టుకు కాక టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి దగ్గరికి వెళ్లాలన్నది అందులో అసలు కీలకం. దాన్ని నిదానంగా తెలుగులో చదివి, మంచో చెడో తేల్చుకునే అవకాశం రచ్చబండకు ఎవరూ ఇవ్వలేదు. ఒక పక్క "మీ భూమి పోతుంది" అన్నారు, ఇంకో పక్క "మీ భూమికి గ్యారంటీ" అన్నారు. రెండు పక్కలా 'టైట్లింగ్' అన్న నోరు తిరగని మాటే. అర్థం కాని పేరు భయానికీ పనికొస్తుంది, భరోసాకీ పనికొస్తుంది.

ఇంగ్లీషు నేర్పితే పోలేదా అనేవాళ్లున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఫైలు ఇంగ్లీషులో ఉన్నంతకాలం దాన్ని చదవగలిగేది పేదింటి పిల్ల కూడా అయ్యుండాలని అడగడం తప్పెలా అవుతుంది? 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నింటినీ ఇంగ్లీషు మీడియం చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో నేలపాడులోని హైకోర్టు కొట్టేసింది. అప్పుడు జరిగిన వాదనలో తెలుగు వైపు మాట్లాడినవాళ్లలో నాలాంటివాళ్లం చాలామందిమి ఈ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పలేదు. బడిలో తెలుగు ఉంచమని అడిగినంత గట్టిగా కచేరీలో తెలుగు పెట్టమని అడిగామా? శాసనసభ తెలుగులో చట్టం చేసినా దాని ఇంగ్లీషు అనువాదమే ప్రామాణికమని రాజ్యాంగం చెబుతుంటే, దాన్ని మార్చమని ఒక్క ఊరేగింపు తీశామా? 2013 భూసేకరణ చట్టం నోటీసు స్థానిక భాషలో పంచాయతీలో పెట్టాలంటుంది. ఆ మాత్రం హక్కు ఉన్నట్టు ఎన్ని ఊళ్లలో చెప్పాం?

పోయిన వేసవిలో కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో, అరుగు మీద డిగ్రీ చదివే అమ్మాయి వాళ్ల తాతకు ఒక ఒప్పందం కాగితం చదివి పెడుతుంటే పక్కన కూర్చున్నాను. ఇంగ్లీషులో ఒక లైను చదవడం, తెలుగులో చెప్పడం. 'ఇర్రివొకబుల్' దగ్గర ఆగింది. ఫోను తీసి చూసుకుని, కాసేపు ఏం చెప్పాలా అన్నట్టు తాత మొహంలోకి చూసి, "ఒకసారి ఇచ్చాక మళ్లీ వెనక్కి తీసుకోవడానికి లేదంట తాతయ్యా" అంది. ఆయన చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు.

"మొదట్నుంచి చదువమ్మా" అన్నాడు.