కొండ మీద తిండి దొరకని పులి: సిక్కోలు గొడవకు వెనక కథ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మళ్లీ పులి మాట మొదలైంది. ఎప్పటిలాగే రెండు వాదనలు. బోను పెట్టి పట్టుకుని ఎక్కడో దూరం అడవిలో వదిలేయండి అని పశువులు పోగొట్టుకున్న రైతులు. దారిన పోయే పులి, నాలుగు రోజులు జాగ్రత్తగా ఉండండి, దానంతట అదే పోతుంది అని అధికారులు.

ఈ గొడవ అర్థం కావడానికి రాజుల కాలం నుంచి మొదలుపెట్టక్కర్లేదు. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ మూడు వందలకు పైగా పులుల్ని కొట్టానని చెప్పుకొనేవారన్న కథ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, పులుల రక్షణకు 1973లో వచ్చిన ప్రాజెక్ట్ టైగర్ అందరూ విన్నవే. అసలు మలుపు తర్వాత వచ్చింది. పులి అడుగుజాడను కొలిచే దగ్గర్నుంచి పులి తిండిని కొలిచే దగ్గరికి శాస్త్రవేత్తలు మారారు. మన జిల్లాల ప్రెస్‌మీట్లు మాత్రం ఇంకా అడుగు దగ్గరే ఉన్నాయి.

అడుగు కొలిచే పద్ధతి పుట్టింది మన పక్కనే. 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి దాన్ని రూపొందించారు. ఖైరీ అనే ఆడపులిని ఇంట్లో పెంచిన పెద్దమనిషి ఆయనే. మట్టిలో జాడ కనిపిస్తే దాని మీద అద్దం పలక పెట్టి, అంచు వెంట గీత గీసి, కాగితం మీదకు ఎక్కించేవారు. ఆ గీతల్లో తేడాలు చూసి ఇది ఫలానా పులి, అది ఇంకో పులి అని లెక్క కట్టేవారు. అదే పులి కాలు బురదలో ఒకలా, గట్టినేల మీద ఇంకోలా పడుతుందన్న సంగతి పశువుల కాపరికి కూడా తెలుసు. అయినా ఈ లెక్క దశాబ్దాల పాటు నడిచింది. చివరికి 2004-05లో రాజస్థాన్‌లోని సరిస్కాలో పరువు పోయింది. రికార్డుల్లో పులులున్నాయి, అడవిలో ఒక్కటీ లేదు. ఆ తర్వాతే కెమెరాలతో దేశవ్యాప్త లెక్క మొదలైంది.

సరిస్కాకు చాలా ముందే కర్ణాటకలో ఉల్లాస్ కారంత్ ఈ పద్ధతి పనికిరాదని వాదిస్తూ వచ్చారు. చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, కొన్నాళ్లు వ్యవసాయం, ఆ తర్వాత పులుల పరిశోధన. 1980ల చివర్లో నాగరహొళె అడవిలో ఆయన పులికంటే ముందు పులి ఆహారాన్ని లెక్కపెట్టారు. తెల్లవారుజామున గీసినట్టు తిన్నగా ఉండే దారి వెంట చప్పుడు చేయకుండా నడవాలి. దుప్పి, కణుజు (సాంబార్), అడవిపంది, అడవిదున్న ఏది కనబడినా ఎన్ని ఉన్నాయో, దారికి ఎంత దూరంలో ఉన్నాయో రాసుకోవాలి. అలా ఎన్నో నడకల లెక్క కలిపితే చదరపు కిలోమీటరుకు ఎన్ని జంతువులున్నాయో తేలుతుంది.

రెండో పని అంత శుభ్రమైనది కాదు. పులి, చిరుత, రేచుకుక్కల (అడవి కుక్కల) పెంటను ఏరి తెచ్చి, జల్లెడలో కడిగి, మిగిలిన వెంట్రుకలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడటం. వెంట్రుక లోపలి గీత, పై పొర గళ్లు ఒక్కో జంతువుకు ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఏది ఏం తిన్నదో బయటపడుతుంది. కారంత్, అమెరికా శాస్త్రవేత్త మెల్ సన్‌క్విస్ట్ కలిసి 1995లో ప్రచురించిన లెక్క ప్రకారం నాగరహొళెలో పులి చంపే జంతువు సగటు బరువు 91.5 కిలోలు, రేచుకుక్కలకు 43.4, చిరుతకు 37.6. అంటే పులి చూపు పెద్ద జంతువు మీదే. సగటు పులి ఏడాదికి సుమారు 50 గిట్టల జంతువులను చంపుతుంది. అడవిలో ఉన్న మందలో ఏటా పదో వంతు పోయినా మంద తగ్గకుండా ఉండాలంటే ఒక్క పులికి దాదాపు 500 జంతువులు కావాలి. 2004లో కారంత్ బృందం దేశంలో 11 చోట్ల ఈ లెక్కను సరిచూసింది. ఆహారం ఉన్నచోట వంద చదరపు కిలోమీటర్లకు 17 పులుల దాకా, అది పలచబడినచోట మూడే.

ఇప్పుడు మందస, మెళియాపుట్టి, పాతపట్నం కొండల వైపు చూడండి. ఆ కొండల్లో 500 కణుజులు, దుప్పులు ఎక్కడున్నాయి? నాటు తుపాకులు, ఉచ్చులు, అడవిపంది కోసం పరిచే కరెంటు తీగలు, ముక్కలైపోయిన అడవి. కొండ దిగువన జీడితోటల్లో, కళ్లాల్లో మాత్రం ఆవులు, పెయ్యలు రాత్రంతా కట్టేసి ఉంటాయి. బరువులో ఆవు కణుజుకు దగ్గర. పైగా పారిపోదు. పులి చేసే లెక్కలో తప్పేమీ లేదు. పశువును పోగొట్టుకున్న మనిషి లెక్కలోనూ తప్పులేదు. పాలు, దుక్కి, అప్పు తీర్చే ఆసరా అన్నీ ఆ ఒక్క పశువే అయినవాడిని ఓపిక పట్టమనడం చెప్పినంత తేలిక కాదు.

దారిన పోయే పులి అన్న అధికారుల మాటకూ ఆధారం ఉంది, అది కూడా కెమెరా ఇచ్చిందే. 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతంలో కలకలం రేపిన పులి బోన్లకు చిక్కలేదు. అనకాపల్లి మీదుగా విజయనగరం జిల్లా దాకా వచ్చింది. 2023 చివర్లో మహేంద్రగిరి కొండల్లో కెమెరాకు చిక్కిన మగపులి చారలను డేటాబేస్‌తో పోల్చి చూస్తే అది మహారాష్ట్రలోని బ్రహ్మపురి అడవులదని తేలింది. దాదాపు 2,000 కిలోమీటర్ల నడక. తల్లిని విడిచిన మగపులులు సొంత చోటు వెతుక్కుంటూ ఇలాగే తిరుగుతాయి. అధికారుల మాట ఇక్కడిదాకా నిజం. కానీ నడిచే పులి కూడా తినాలి కదా, మధ్యలో ఏం తింటుందన్నది వాళ్లు చెప్పరు.

మరి పట్టి దూరంగా వదిలేస్తే? మహారాష్ట్ర జున్నర్‌లో చిరుతలతో ఆ ప్రయోగం జరిగింది. వన్యప్రాణి పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం చిరుతల్ని పట్టి వేరేచోట వదలడం మొదలయ్యాక మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయి. చిరుత వేరు, పులి వేరు, నిజమే. అయినా వదిలిన చోట కూడా ఊళ్లుంటాయి. చట్టం కూడా అంత సులువుగా ఒప్పుకోదు. మనిషి ప్రాణానికి ముప్పుగా మారిందనో, కోలుకోలేనంతగా దెబ్బతిన్నదనో, జబ్బుపడిందనో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా కారణం చూపాలి. ఆవును చంపిందన్న ఒక్క ముక్క ఆ కారణాల్లో లేదు.

అందుకే గొడవంతా చివరికి పరిహారం దగ్గరకు, అంటే పశువు కళేబరం దగ్గరకు వస్తుంది. పులి సాధారణంగా తొడ వైపు నుంచి తినడం మొదలుపెడుతుంది, చిరుత పొట్ట వైపు నుంచి. చంపింది ఏదో మెడ మీద కోరల గాట్ల మధ్య దూరం కూడా చెబుతుంది. పశువైద్యుడు, అటవీ సిబ్బంది వచ్చి ఇవన్నీ చూసి పంచనామా రాస్తేనే పరిహారం ఫైలు కదులుతుంది. వాళ్లు రావడం ఆలస్యమైతే వాసనకూ, భయానికీ ఊరివాళ్లు కళేబరాన్ని ఈడ్చి పారేస్తారు. అప్పుడు రైతుకు సాక్ష్యం పోతుంది. ఒక రాత్రికి ఇరవై కిలోల దాకా తిని, మిగిలినదాని కోసం మళ్లీ వద్దామనుకున్న పులికి తిండి పోతుంది. అది పక్క ఊళ్లో ఇంకో పశువును పడుతుంది. మర్నాడు టీవీలో స్క్రోలింగ్, రెండో పులి కూడా వచ్చిందని.